17 ఏళ్ళకే దేశం దాటితే... మరి భాష సంగతేంటి?

ఈ రోజు ఎపిసోడ్ ఫుట్‌బాల్ మీద. ఆగండి ఆగండి, "అన్నా, మాకు క్రికెట్ తప్ప ఏం తెలీదు" అని స్క్రోల్ చేసేయకండి. ఇందులో సగం ఫుట్‌బాల్, మిగతా సగం మన గురించే.

2017 అక్టోబర్ 28. కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియం. అండర్-17 వరల్డ్ కప్ ఫైనల్. అవును, మన దేశంలోనే జరిగింది. నేనప్పుడు బీటెక్‌లో ఉన్నా. హాస్టల్‌లో నలుగురం ఒకే ఫోన్ మీద పడి చూశాం. స్పెయిన్ 2-0తో ముందుంది. అయిపోయింది అనుకున్నాం. అక్కడి నుంచి ఇంగ్లండ్ తిరగబడి 5-2తో గెలిచింది. అందులో రెండు గోల్స్ ఫిల్ ఫోడెన్ కొట్టాడు. టోర్నమెంట్‌లో బెస్ట్ ప్లేయర్ కూడా అతనే.

కానీ ఆ టీమ్‌లో ఇంకొక కుర్రాడు ఉండాలి. జేడన్ సాంచో. గ్రూప్ మ్యాచ్‌లు ఆడాడు, చిలీ మీద రెండు గోల్స్ కొట్టాడు, తర్వాత మధ్యలోనే వెళ్ళిపోయాడు. ఎందుకు? వాళ్ళ క్లబ్ రమ్మంది. ఆ క్లబ్ ఇంగ్లండ్‌ది కాదు, జర్మనీలోని బొరుసియా డోర్ట్‌మండ్.

సో, కథ ఏంటంటే... సాంచో, ఫోడెన్ ఇద్దరూ మాంచెస్టర్ సిటీ అకాడమీ పిల్లలే. సిటీ సాంచోకి కొత్త కాంట్రాక్ట్ ఇస్తానంది. అతను వద్దన్నాడు. ఎందుకంటే అది కోట్లు పోసి స్టార్‌లను కొనే క్లబ్. అక్కడ 17 ఏళ్ళ పిల్లాడికి మ్యాచ్ ఆడే ఛాన్స్ ఎప్పుడొస్తుంది? బెంచ్ మీద కూర్చోవాలి. అందుకే 2017 ఆగస్టులో బ్యాగ్ సర్దుకుని డోర్ట్‌మండ్ వెళ్ళాడు. సుమారు 80 లక్షల పౌండ్ల డీల్. 2018-19 సీజన్‌లో జర్మన్ లీగ్‌లో 12 గోల్స్, 14 అసిస్ట్‌లు. 2018 అక్టోబర్‌కే ఇంగ్లండ్ సీనియర్ టీమ్‌లో ఉన్నాడు. ఫోడెన్ ఆ టీమ్‌కి మొదటి మ్యాచ్ ఆడటానికి 2020 సెప్టెంబర్ అయింది.

అంటే వెళ్ళినవాడే తెలివైనవాడా? అలా కూడా చెప్పలేం. ఫోడెన్ ఓపికగా అక్కడే ఉండి ఆరు ప్రీమియర్ లీగ్ టైటిల్స్ గెలిచాడు. సాంచో 2021లో 7.3 కోట్ల పౌండ్లకి మాంచెస్టర్ యునైటెడ్‌కి వచ్చాక గ్రాఫ్ పడిపోయింది. 2024లో లోన్ మీద మళ్ళీ డోర్ట్‌మండ్ వెళ్ళి చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడాడు. రెండు దారులకీ లాభం ఉంది, రేటూ ఉంది.

కానీ సాంచో వెళ్ళడం వల్ల ఒక తలుపు తెరుచుకుంది. 2020లో జూడ్ బెల్లింగ్‌హామ్ అదే 17 ఏళ్ళ వయసులో బర్మింగ్‌హామ్ నుంచి అదే డోర్ట్‌మండ్‌కి వెళ్ళాడు. 2023లో అక్కడి నుంచి రియల్ మాడ్రిడ్‌కి, 10.3 కోట్ల యూరోలకి. ఇక్కడ ఒక ట్విస్ట్ ఉంది. ఆ తలుపు ఇప్పుడు దాదాపు మూసేశారు. 18 ఏళ్ళ లోపు పిల్లల్ని వేరే దేశం క్లబ్‌కి మార్చకూడదని ఫిఫా రూల్. యూరోపియన్ యూనియన్ లోపల మాత్రం 16 దాటితే మినహాయింపు. బ్రెగ్జిట్ వల్ల 2021 జనవరి నుంచి బ్రిటన్ ఆ మినహాయింపులోంచి బయటికొచ్చేసింది. సో ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లో ఉన్న 17 ఏళ్ళ కుర్రాడు బెల్లింగ్‌హామ్‌లా వెళ్ళాలంటే 18 నిండేదాకా ఆగాల్సిందే.

సరే, ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. భాష.

ఇంగ్లీష్ వాళ్ళకి వేరే భాషలు రావు అని యూరప్‌లో పాత జోక్ ఉంది. లివర్‌పూల్ స్ట్రైకర్ ఇయన్ రష్ 1987లో ఇటలీలోని యువెంటస్‌కి వెళ్ళి ఒక్క సీజన్‌కే తిరిగొచ్చేశాడు. "అక్కడ అచ్చం ఫారిన్ కంట్రీలో ఉన్నట్టుంది" అన్నాడని దశాబ్దాలుగా చెప్పుకుంటున్నారు. నేనా మాట అనలేదు మొర్రో అని ఆయన చెప్తూనే ఉన్నాడు. అయినా జోక్ ఆగలేదు. నిజం కాకపోయినా జనం నమ్మేశారు, ఎందుకంటే ఆ దేశానికి సరిగ్గా సరిపోయింది. 2004లో ఇంగ్లండ్ ప్రభుత్వం 14 ఏళ్ళు దాటిన స్కూల్ పిల్లలకి విదేశీ భాష తప్పనిసరి కాదని తేల్చేసింది. ఫ్రెంచ్, జర్మన్ పరీక్షలు రాసేవాళ్ళు బాగా తగ్గిపోయారు.

వాళ్ళు బద్ధకస్తులు అని మనం నవ్వొచ్చు. నేనూ నవ్వేవాడిని. ఒక విషయం జరిగేదాకా.

ఇది నా కథ. ఉద్యోగం వచ్చాక బెంగళూరులో నాలుగేళ్ళు ఉన్నా. నాలుగేళ్ళు! నాకొచ్చిన కన్నడ "కన్నడ గొత్తిల్ల", అంతే. అవసరం ఎక్కడొచ్చింది చెప్పండి? ఆటో అన్నకి తెలుగు వచ్చు, కిరాణా షాప్ ఆయనకి తెలుగు వచ్చు, ఆఫీసులో ఇంగ్లీష్, రూమ్మేట్స్ అందరూ మనోళ్ళే. కింద పోర్షన్‌లో ఓనర్ వాళ్ళ అమ్మగారు ఉండేవారు, అందరూ అజ్జి అనేవాళ్ళు. రోజూ గేటు దగ్గర ఏదో పలకరించేది. నేను తల ఊపి, నవ్వి వెళ్ళిపోయేవాడిని.

ఒక రోజు పొద్దున స్టాండప్ కాల్‌కి లేట్ అయిపోతోంది. అజ్జి గేటు దగ్గర నిలబడి ఏదో గబగబా చెప్పింది. నేను మామూలుగానే తల ఊపి, నవ్వి, బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయా. సాయంత్రం తెలిసింది. తాతగారికి ఒంట్లో బాలేదు, ఆటో పిలవమని అడిగిందంట. నేను నవ్వాను! పక్కింటి వాళ్ళు హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు, ఆయనకి ఏం కాలేదు, అది నా అదృష్టం. వెళ్ళి సారీ చెప్దామనుకున్నా. సారీ చెప్పడానికి కూడా నాకు కన్నడ రాదు.

మరి హైదరాబాద్ సంగతి? పదేళ్ళుగా హైటెక్ సిటీలో ఉండి తెలుగు ముక్క రాని వాళ్ళని చూసి మనం గొణుక్కుంటాం. కానీ వాళ్ళు "తెలుగు నహీ ఆతా" అనగానే ఠక్కున హిందీలోకి మారేది ఎవరు? మనమే. ఇంగ్లండ్ వాళ్ళదీ అదే కేస్. ఎదుటివాడు ఎప్పుడూ మన భాషలోకి వచ్చేస్తుంటే మనకి నేర్చుకునే అవసరమే పుట్టదు. బద్ధకం కంటే ఎక్కువ సౌకర్యం అది.

"అన్నా, భాష రాకపోయినా గెలవొచ్చు కదా" అంటారా? గెలవొచ్చు. గారెత్ బేల్‌ని చూడండి. వేల్స్ ఆటగాడు, 2013లో రియల్ మాడ్రిడ్‌కి వెళ్ళాడు. ఐదు చాంపియన్స్ లీగ్‌లు గెలిచాడు. 2018 ఫైనల్‌లో గాల్లోకి లేచి కొట్టిన ఆ గోల్ ఇప్పటికీ రీల్స్‌లో తిరుగుతుంటుంది. కానీ స్పానిష్ మాట్లాడడు, మనలో కలవడు అని అక్కడి పేపర్లు ఏళ్ళ తరబడి రాశాయి. చివరికి సొంత స్టేడియంలోనే ఫ్యాన్స్ ఈలలేసి గోల చేశారు. అక్కడ ఈల అంటే మెచ్చుకోలు కాదు, తిట్టు.

ఇప్పుడు ఇంకొకాయన. మైకేల్ రాబిన్సన్. మీలో చాలామంది పేరు కూడా విని ఉండరు. ఇంగ్లండ్‌లో పుట్టాడు, ఐర్లాండ్‌కి ఆడాడు. 1987లో స్పెయిన్‌లోని ఒసాసునా క్లబ్‌కి వెళ్ళాడు. మ్యాప్‌లో ఒసాసునా అనే ఊరు వెతికితే దొరకలేదంట, ఎందుకంటే ఊరి పేరు పాంప్లోనా. 1989కల్లా ఆట ఆపేశాడు. స్పెయిన్‌లో కప్పులేం గెలవలేదు. కానీ స్పానిష్ నేర్చుకున్నాడు. యాస మాత్రం చివరిదాకా ఇంగ్లీష్ యాసే. ఆ యాసతోనే స్పెయిన్ టీవీలో నంబర్ వన్ ఫుట్‌బాల్ గొంతు అయ్యాడు. 2020 ఏప్రిల్‌లో చనిపోతే స్పెయిన్ అంతా తమ ఇంటి మనిషి పోయినట్టు బాధపడింది. అక్కడ ఐదు కప్పులు గెలిచినాయనకి ఈలలు, అక్కడ ఒక్క కప్పూ గెలవనాయనకి కన్నీళ్ళు. మొత్తం భాష వల్లే అనను. కానీ భాష లేకుండా రాబిన్సన్ కథే లేదు.

అదే పాంప్లోనాలో 2025 ఫిబ్రవరిలో ఏమైందో చూడండి. ఒసాసునాతో మ్యాచ్. బెల్లింగ్‌హామ్ చిరాకులో ఒక ఇంగ్లీష్ బూతు మాట అన్నాడు. తనని తిట్టాడని రిఫరీ డైరెక్ట్ రెడ్ కార్డ్ ఇచ్చాడు. నేను చిరాకులో నాలో నేను అనుకున్న మాట అది, ఆయన్ని అనలేదు అని బెల్లింగ్‌హామ్ వాదన. రెండు మాటలకీ తేడా చివరి పదం ఒక్కటే. రెండు మ్యాచ్‌ల బ్యాన్ పడింది. ఎదుటివాళ్ళకి మన ఇంగ్లీష్ వచ్చేస్తుందిలే అనుకుంటే ఒక్కోసారి ఇలా తగులుతుంది.

కెరీర్ కోసం ఆలోచించేవాళ్ళకి ఇంకో కథ. 1992లో ఇంగ్లండ్ మాజీ కోచ్ బాబీ రాబ్సన్ పోర్చుగల్‌లోని స్పోర్టింగ్ క్లబ్‌కి వెళ్ళాడు. పోర్చుగీస్ రాదు. ట్రాన్స్‌లేటర్‌గా ఒక కుర్రాడిని పెట్టారు. ఆ కుర్రాడు ప్రతి మీటింగ్‌లో కూర్చున్నాడు, ప్రతి ప్లాన్ విన్నాడు, రాబ్సన్ వెంటే పోర్టోకి, బార్సిలోనాకి వెళ్ళాడు. 2004లో కోచ్‌గా పోర్టోకి చాంపియన్స్ లీగ్ గెలిపించాడు. పేరు జోసే మౌరీన్యో. రెండు భాషలు తెలిసినవాడికి ఆ రూమ్‌లో కుర్చీ దొరికింది. మిగతాది తన టాలెంట్.

కొత్త తరం కొంచెం మారుతోంది కూడా. ఫికాయో టొమోరి 2021 జనవరిలో చెల్సీ నుంచి మిలాన్‌కి లోన్ మీద వెళ్ళాడు. ఇటాలియన్ నేర్చుకుని ఇంటర్వ్యూలు ఇటాలియన్‌లోనే ఇచ్చాడు. 2022లో లీగ్ గెలిచిన టీమ్‌లో ఉన్నాడు.

ఎమ్మెస్‌కి జర్మనీ వెళ్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది మీకే. కోర్స్ ఇంగ్లీష్‌లోనే కదా అని వదిలేయకండి. క్లాస్‌రూమ్ బయట అద్దె అగ్రిమెంట్, డాక్టర్, లంచ్ టేబుల్ అన్నీ జర్మన్‌లోనే ఉంటాయి. గ్రామర్ తప్పులకి భయపడకండి. రాబిన్సన్ యాస ముప్ఫై ఏళ్ళు అలాగే ఉంది, ఎవరూ కాదనలేదు.

నేనైతే హైదరాబాద్ వచ్చేశాక ఇప్పుడు కన్నడ నేర్చుకుంటున్నా. లేట్ అయింది, తెలుసు. లిపి కూడా మనదానికి దగ్గరే, నాలుగేళ్ళు బస్సు బోర్డులు చూసి కూడా పట్టించుకోలేదు. మొన్న ఓనర్‌కి ఫోన్ చేసి అజ్జికి ఇమ్మన్నా. "అజ్జీ, చెన్నాగిద్దీరా?" అన్నా. అటు నుంచి ఆవిడ రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడింది. సగం అర్థమైంది. ఈసారి ఊరికే తల ఊపలేదు. "మత్తె హేళి అజ్జీ" అన్నా, మళ్ళీ చెప్పండి అని.

మీరిప్పుడు ఉంటున్న ఊరి భాషలో మీరు మొదట నేర్చుకున్న మాట ఏంటో కామెంట్స్‌లో రాయండి. బూతులు కాకుండా! ఉంటా మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.