కడుపుకోత మానుటకు గడువు



నీరు పారని మడిలో పైరెదగదు. శరీరమందును అంతియే, రక్తము చేరని చోట మాంసము నిలువదు. మంచి మాంసమునకెట్లో, నేడు కేన్సరని పిలువబడుచున్న రాచపుండునకును అట్లే. ఆ పుండు తనకొరకు క్రొత్త రక్తనాళములను మొలిపించుకొననిచో ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరుగజాలదనియు, ఆ నాళములను ఆపినచో పుండును ఆపవచ్చుననియు 1971లో జూడా ఫోక్‌మన్ అను శస్త్రవైద్యుడు ప్రతిపాదించెను. ఆయన అమెరికాలోని బోస్టను నగరపు పిల్లల ఆసుపత్రివాడు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము చేసిన మందును, రక్తపు కేన్సరుతో బాధపడు పిల్లలకు ఫార్బరు వైద్యుడు 1947-48లలో ఇచ్చి చూచినదియు ఆ ఆసుపత్రియందే.

ఫోక్‌మన్ మాటను ఆనాడు పెక్కుమంది నమ్మలేదు. 1989 నాటికి నాళములను మొలిపించు ద్రవ్యమేదో తేలినది. దానిని పట్టి బంధించు బెవసిజుమాబ్ అను మందునకు 2004 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వము అనుమతి నొసగెను. పెద్దప్రేగు కేన్సరు ఇతరావయవములకు ప్రాకినవారికి, మామూలు మందులతో పాటు దీనిని సెలైను వలె నరములోనికి ఎక్కింతురు. ఇట్లు ఇచ్చినందున, రోగులలో సగము మంది జీవించియున్న కాలము 15.6 నెలల నుండి 20.3 నెలలకు పెరిగెను. ఇది స్వల్పమని త్రోసివేయరాదు. కూతురి పెండ్లిని కన్నులార చూచుటకు ఆ నాలుగున్నర నెలలు చాలవచ్చును. 2016లో హైదరాబాదు సంస్థ యొకటి ఇట్టి మందునే తయారుచేసి విక్రయమునకు తెచ్చినది. కావున ఇది దూరదేశపు ముచ్చటగా మిగిలిపోలేదు.

చిక్కు ఎచ్చటనగా, ఈ రోగులలో అనేకులకు కడుపుకోత కూడ అవసరమగును. వైద్యుడు పుండున్న ప్రేగుముక్కను కోసి తీసివేసి, మిగిలిన రెండు కొసలను కలిపి కుట్టును. ప్రేగునకు చిల్లుపడినప్పుడు అంచులను చేర్చి, నల్లచీమలచే కరపించి, తలలను మాత్రముంచి మొండెములను త్రెంచివేయుమని సుశ్రుతుడు చెప్పెను. నేడు దారమును, లోహపు కొక్కెములును వచ్చినవి. చీమతల యైనను దారమైనను అంచులను కొన్నిదినములు పట్టియుంచునంతే. అతికించునది శరీరమే.

ఆ అతుకు ఎట్లు పడునో గమనింపుడు. మొదట రక్తము గడ్డకట్టును. తెల్లకణములు వచ్చి మలినమును తొలగించును. పిదప వెంట్రుకకంటె సన్నని క్రొత్త నాళములు కోత అంచుల నుండి మొలచి లోనికి ప్రాకును. మానుచున్న పుండులో ఎఱ్ఱగా, రవ్వరవ్వగా కనబడు మాంసాంకురముల ఎఱుపు ఆ నాళములదే. వాటి వెంట ప్రాణవాయువు వచ్చిననే గాని అతుకునకు బలమిచ్చు నారపదార్థము తయారుకాదు. ఇచ్చటనే మందు అడ్డుపడును. పుండునకు పోవు కాలువ ఏదో, గాయమునకు పోవు కాలువ ఏదో దానికి తెలియదు; రెండింటికిని తూము మూసివేయును.

చర్మముపై కోత విచ్చినచో కంటికి కనబడును. లోపల ప్రేగు అతుకు విడినచో మలము కడుపులోనికి చిమ్మి, చీము పట్టి, ప్రాణము మీదికి వచ్చును. జ్వరము, నానాటికి హెచ్చు కడుపునొప్పి, ఉబ్బరము, నాడి వడి దాని గుర్తులు. కోత లేకున్నను ఈ మందు వలన ప్రేగునకు చిల్లుపడుట కలదు, అరుదుగా.

రెండు పరీక్షల లెక్కలను కలిపి 2005లో ప్రకటించిరి. మందు వాడుచుండగా పెద్ద శస్త్రచికిత్స జరిగిన 75 మందిలో 10 మందికి గాయము మానుటలో చిక్కులు వచ్చినవి. మందు లేనివారు 29 మంది, వారిలో ఒక్కరికే. ఇరువదితొమ్మిది చిన్న సంఖ్యయే. అయినను వ్యత్యాసము ఉపేక్షింపదగినది కాదు. కోత జరిగిన 28 దినములు దాటిన పిదప మందు మొదలిడిన 230 మందిలో ముగ్గురికి మాత్రమే అట్టి చిక్కు కలిగినది.

అందుచేతనే కోతకు ముందు కనీసము 28 దినములు, తరువాత కనీసము 28 దినములు, అదియు గాయము పూర్తిగ మానువరకు, మందు ఆపవలెనని నియమము. మానుచున్న వ్రణము వేరు, రూఢవ్రణము వేరు అని సుశ్రుతుడు విడదీసి చెప్పినది ఇచ్చట పనికివచ్చును. మందు శరీరమందు సగమగుటకు సుమారు 20 దినములు పట్టును. ఆ లెక్కన 28వ నాటికి మూడవవంతుకు పైగా ఇంకను మిగిలియుండును! ఆరు వారములు ఆగుమను వైద్యులు అందుకే పెక్కండ్రు. సొరాఫెనిబ్ వంటి మాత్రలు త్వరగా పోవును గనుక ముందు పది దినములు చాలునందురు.

ఆగినచో పుండు పెరుగునేమో యని ఇంటివారు తొందరపడుట సహజమే. అంతకంటె కీడు వేరొకటి: మందు ఒక ఊరిలో, కోత మరియొక ఊరిలో జరుగుట. కోయువానికి మందు సంగతి తెలియదు. రోగికి దాని పేరు నోరు తిరుగదు. చివరిసారి మందెక్కించిన తేదీని, మందు పేరును వ్రాయించుకొని ఆ కాగితమును దగ్గరనుంచుకొనవలెను. ప్రేగు మూసుకొనిపోయి ఆనాడే కోయవలసివచ్చినను ఆ తేదీ ఉపకరించును. దానిని చూచిన వైద్యుడు కొసలను కలిపి కుట్టక, ఒక కొసను కడుపు వెలుపలికి తెచ్చి సంచి కట్టి, అతుకును కొన్ని నెలలు వాయిదా వేయవచ్చును.