కడుపు ఆపరేషన్ అయ్యాక తొందరపడి సైట్‌కి రావద్దు



మేము డాక్టర్లం కాదు, సైట్లో పని చేయించేవాళ్లం. కళ్లతో చూసిందే చెబుతాం.

మా దగ్గర ఒక తమ్ముడు గజ్జల్లో ఉబ్బును నాలుగు నెలలు దాచాడు. ఉద్యోగం పోతే వీసా ఏమవుతుందోనని భయం. బరువెత్తితే ఉబ్బేది, పడుకుంటే లోపలికి పోయేది. ఒకరోజు పోలేదు. నొప్పి, వాంతులు. పేగు ఇరుక్కుందని ఆ రాత్రే కోశారు. ముందే చెబితే చిన్న ఆపరేషన్‌తో పోయేది. వాడు గజ్జల మీద చెయ్యి పెట్టుకోవడం మేమూ చూశాం, అడగలేదు. ఆ తప్పు మాది.

మనవాళ్లలో ఎక్కువగా చూసేవి మూడు. ఒకటి ఈ హెర్నియా. బలహీనపడిన చోట చాలావరకు జాలీ పెట్టి కుడతారు. రెండోది అపెండిక్స్, మన ఊళ్లలో ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారు. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగుతుంది. మాత్ర మింగి షిఫ్టు పూర్తిచేద్దామనుకుంటే లోపల పగలొచ్చు. మూడోది పిత్తాశయంలో రాళ్లు. నూనె తిండి తిన్నాక కుడి డొక్కలో పోటు. పిత్తాశయం తీసేసినా మనిషి బతుకు మామూలే.

ఇప్పుడు చాలావరకు చిన్న రంధ్రాలతోనే చేస్తారు. కడుపులోకి గ్యాస్ నింపుతారు కాబట్టి రెండు రోజులు భుజం నొప్పి పుడుతుంది, కంగారు వద్దు. మర్నాటికే ఇంటికి పంపొచ్చు. పైన కుట్టు చిన్నదే, లోపల మానడానికి వారాలు పడుతుంది. కాంక్రీటు పైకి గట్టిపడిందని సెంట్రింగ్ విప్పేస్తామా? ఇదీ అంతే. బరువులు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు వద్దంటారు. మీ డాక్టర్ చెప్పిందే లెక్క. రోజూ నడవండి. దగ్గొస్తే దిండు అదిమిపట్టుకోండి. నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది, నీళ్లు బాగా తాగండి. పప్పు తింటే చీము పడుతుందనే మాట నమ్మి పస్తులుండొద్దు.

జ్వరం, చీము, ఆగని వాంతులు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ప్రాణం మీదికొస్తే 000. ఇంగ్లీషు రాకపోతే 131 450కి చేసి తెలుగు దుబాసీని అడగండి.

482 వీసాకు ఆరోగ్య ఇన్సూరెన్స్ షరతే, దాన్ని వదలొద్దు. బరువెత్తుతుంటే హెర్నియా వచ్చిందనిపిస్తే ఆ రోజే చెప్పి రాయించండి. వీసా మీద ఉన్నవాళ్లకూ వర్కర్స్ కాంపెన్సేషన్ అడిగే హక్కుంది. తేలిక పని ఇమ్మని డాక్టర్ కాగితం తెస్తే సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మా తోటి సూపర్‌వైజర్లకు ఒక్క మాట: కుర్రాడు నడుము వంచలేకపోతుంటే బద్ధకం అనుకోకండి. పక్కకు పిలిచి అడగండి.

సెలవు.