పెరటి తాళవృక్షములు - చలికాలము

మన నాచారములో నీరు గడ్డకట్టునంతటి చలి రాదు. హైదరాబాదులో 1946 జనవరి 8న నమోదైన కనిష్ఠోష్ణోగ్రత 6.1 డిగ్రీల సెంటిగ్రేడు. అయినను పెరటి కొబ్బరిమొక్కను క్రుంగదీయుటకు ఆ మాత్రపు చలి చాలును.

కొబ్బరి ఉష్ణతీరముల చెట్టు. సుమారు 15 డిగ్రీలకు లోబడిన రాత్రులు వరుసగా వచ్చినచో దాని ఎదుగుదల మందగించును, ఆకులు పసుపుబారును. పోకయు సుకుమారమే. మన మెట్టనేలల కలవడిన తాడి, ఈత ఈ చలిని లెక్కచేయవు. ఖర్జూరము సున్నాకు దిగువను సైతము కొంత ఓర్చును. చైనా కొండలలోని ఒక తాళజాతి మంచులో కూడ నిలుచును.

కొబ్బరి, తాడి వంటి ఒంటిమ్రాకులకు ప్రాణము శిరస్సున నున్న మొవ్వు. అది కుళ్ళినచో చెట్టు దక్కదు. కనుక ఆకులు మాడినంతనే గొడ్డలి యెత్తవలదని మేము మనవి చేయుచున్నాము. మొవ్వు పచ్చగా నున్నచో వేసవినాటికి కోలుకొనవచ్చును.

లేతమొక్కను ఇంటికి దక్షిణపు వైపున, ఎండ తగులుచోట నాటవలెను. పుష్యమాసపు రాత్రులందు గోనెపట్టా కప్పి, ఉదయమున తీయవలెను. మొదట ఎండుగడ్డి పరచవలెను. మొవ్వులో నీరు పోయరాదు.

కాయలు కోరువారు ఈ శ్రమకు సిద్ధపడవలెను. పచ్చదనమే చాలుననువారు ఈతనో, ఖర్జూరమునో నాటుట మేలు.