కష్టమైన ప్రశ్న, అన్యాయమైన ప్రశ్న: 'మిస్ట్' ఆటపై విమర్శ



పరీక్ష హాలు నుంచి బయటకు వచ్చాక మీ స్నేహితులు ప్రశ్నపత్రం గురించి మాట్లాడుకోవడం మీరు వినే ఉంటారు. ఒకరు "పేపరు కష్టంగా వచ్చింది" అంటారు. మరొకరు "సిలబస్‌లో లేని ప్రశ్న ఇచ్చారు" అంటారు. ఈ రెండు మాటలూ ఒకటేనా? కాదు. మొదటి మాట ప్రశ్న స్థాయిని గురించినది. రెండవది ప్రశ్న ఇచ్చినవారి బాధ్యతను గురించినది. ఈ తేడాను మనసులో ఉంచుకొని, ఒక ప్రసిద్ధ కంప్యూటర్ ఆటను విమర్శకులు ఎలా స్వీకరించారో ఈ ప్రసంగంలో పరిశీలిద్దాం. ఆ ఆట పేరు 'మిస్ట్'.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ర్యాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు 'సయాన్' అనే చిన్న సంస్థను నడిపేవారు. 'మిస్ట్' వారి సృష్టి. బ్రోడర్‌బండ్ సంస్థ దానిని 1993 సెప్టెంబరులో మెకింతోష్ కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. మరుసటి సంవత్సరం అది విండోస్ కంప్యూటర్లకు కూడా వచ్చింది. హైపర్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్ సహాయంతో, కంప్యూటర్‌లో గీసిన సుమారు 2,500 నిశ్చల చిత్రాలను ఒకదానితో ఒకటి కలిపి ఈ ఆటను నిర్మించారు. అంత సమాచారం ఫ్లాపీలలో పట్టదు కనుక దీనిని సీడీ-రామ్ మీద అమ్మారు.

ఆట ఎలా ఉంటుంది? మీ చేతికి ఒక పుస్తకం దొరుకుతుంది. దానిని తాకగానే ఒక నిర్జన ద్వీపంలో తేలతారు. అక్కడ ఒక గ్రంథాలయం, ఒక గడియార స్తంభం, ఒక రాకెట్, మునిగిన ఓడ ఉంటాయి. మనుషులు కనిపించరు. ఏం చేయాలో చెప్పేవారు లేరు. శత్రువులు లేరు, పాయింట్లు లేవు, గడువు తరుముకు రాదు. మీరు చూడాలి, వినాలి, మీటలు తిప్పాలి, కనిపెట్టిన విషయాలను కాగితం మీద రాసుకోవాలి. అందుకోసమే ఆట పెట్టెలో ఒక ఖాళీ నోటుపుస్తకాన్ని కూడా ఇచ్చారు.

ఇప్పుడు విమర్శకుల మాటకు వద్దాం. 1994 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఎడ్వర్డ్ రోత్‌స్టీన్ ఈ ఆట గురించి రాశారు. ఆయన సంగీత విమర్శకుడు. ఇటువంటి ఆటల నుంచి ఒక కొత్త కళారూపం పుట్టవచ్చునని ఆయన భావించారు. కంప్యూటర్ ఆటలంటే పిల్లల కాలక్షేపమేనని పెద్దలు తీసిపారేసే రోజుల్లో ఒక ప్రముఖ దినపత్రికలో ఇలాంటి మాట రావడం చిన్న విషయం కాదు. మరోవైపు, వేగమైన ఆటలకు అలవాటుపడిన ఆటగాళ్లు, సమీక్షకులు కొందరు పెదవి విరిచారు. ఇది ఆట కాదు, అందమైన స్లైడ్ షో మాత్రమే అన్నారు. కథ పలుచన, పజిళ్లు అర్థంకానివి, ద్వీపం ఖాళీ అన్నారు.

గమనించండి. ఒకరు ప్రశాంతత అన్నదానినే మరొకరు శూన్యం అన్నారు. వస్తువు ఒకటే, కొలబద్దలు వేరు. కాబట్టి సమీక్ష చదివేటప్పుడు "బాగుంది", "బాగాలేదు" అన్న తీర్పు దగ్గరే ఆగిపోకూడదు. ఆ తీర్పు వెనుక ఉన్న కొలబద్ద ఏమిటో వెతకాలి.

అమ్మకాలను కొలబద్దగా తీసుకుందామా? 'మిస్ట్' 60 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. 2002లో 'ది సిమ్స్' దాటేవరకు అత్యధికంగా అమ్ముడైన పీసీ గేమ్‌గా నిలిచింది. కానీ ఎంతమంది కొన్నారో చెప్పే అంకె పజిళ్లు బాగున్నాయో లేదో చెప్పదు. దానికి పజిళ్లనే విప్పి చూడాలి. రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది రాకెట్‌లోని పజిల్. గ్రంథాలయంలోని ఒక పుస్తకంలో పియానో మెట్ల బొమ్మ ఉంటుంది. ఏ మెట్లను ఏ వరుసలో నొక్కాలో అది చూపిస్తుంది. రాకెట్‌లో ఒక వైపు వాద్యం, మరొక వైపు అయిదు మీటలు ఉంటాయి. వాద్యంపై విన్న స్వరాలను గుర్తుపెట్టుకొని, మీటలను అవే స్వరాలకు జరపాలి. కావలసిన సమాచారమంతా ఆటలోనే ఉంది. ఆ విధంగా ఇది న్యాయమైన ప్రశ్న. కానీ స్వరభేదం పట్టుకోలేని వారి మాటేమిటి? వినికిడి లోపం ఉన్నవారి మాటేమిటి? తెలివి ఎంత ఉన్నా వారికి ఇక్కడ దారి మూసుకుపోతుంది. ఇది సహేతుకమైన విమర్శ.

రెండవది చిక్కుదారుల పజిల్. ఒక లోకంలో చిన్న వాహనం ఎక్కి భూగర్భంలో ప్రయాణించాలి. ప్రతి మలుపులో ఒక శబ్దం వినిపిస్తుంది. ఆ శబ్దమే ఏ దిక్కుకు వెళ్లాలో చెబుతుంది. ఏ శబ్దం ఏ దిక్కు అన్న పాఠం మాత్రం వేరే లోకంలో, తిరిగే కోటలో నేర్చుకోవాలి. అయితే ఏ లోకానికి ముందు వెళ్లాలన్నది ఆటగాడి ఇష్టం. కోటను చూడకుండా ఇక్కడికి వచ్చినవాడికి ఆ శబ్దాలు వట్టి చప్పుళ్లు. పాఠం ఉంది, కానీ పరీక్షకు ముందే అందుతుందన్న హామీ లేదు. కష్టానికీ అన్యాయానికీ మధ్యనున్న సరిహద్దు ఇదే.

ఆ సరిహద్దు దాటిన ఉదాహరణ కూడా ఒకటి చూద్దాం. 1999లో సియెర్రా సంస్థ 'గేబ్రియల్ నైట్ 3' అనే అడ్వెంచర్ గేమ్‌ను విడుదల చేసింది. అందులో కథానాయకుడు మోటార్ సైకిల్ అద్దెకు తీసుకోవడానికి తన స్నేహితుడిలా వేషం వేయాలి. అందుకోసం పిల్లి వెంట్రుకలను టేపుతో సంపాదించి, తీపి పాకంతో అంటించి మీసం తయారు చేయాలి. విచిత్రం ఏమిటంటే ఆ స్నేహితుడికి అసలు మీసమే లేదు! అందుకని అతని పాస్‌పోర్టు ఫొటో మీద కూడా మీసం గీయాలి. ఇది ఎవరికి తడుతుంది?

2000లో ఎరిక్ వోల్పా అనే విమర్శకుడు ఈ పజిల్‌ను మెట్టుమెట్టుగా విప్పి నవ్వులపాలు చేశాడు. అడ్వెంచర్ గేములను ఎవరో చంపలేదు, ఇలాంటి పజిళ్లతో అవే ప్రాణం తీసుకున్నాయని వాదించాడు. తరువాత ఆయనే 2007లో వచ్చిన 'పోర్టల్' అనే పజిల్ గేమ్‌కు రచయితలలో ఒకడయ్యాడు. ఆ ఆట బృందం చేసిన పని చూడండి. మొదటి గదిలో ద్వారం అంటే ఏమిటో చూపిస్తారు. తరువాత ఒక ద్వారాన్ని తెరిచే పరికరం ఇస్తారు. రెండు ద్వారాలూ తెరిచే శక్తి ఇంకా తరువాతే. పాఠం ముందు, పరీక్ష తరువాత. ఆ ఆట ప్రశంసలు పొందింది.

కాలం 'మిస్ట్' గురించి ఏం చెప్పింది? 2012లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ తన సేకరణలోకి తొలిసారి 14 వీడియో గేములను తీసుకుంది. వాటిలో 'మిస్ట్', 'పోర్టల్' రెండూ ఉన్నాయి. 2024లో 'మిస్ట్' వరల్డ్ వీడియో గేమ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ చేరింది. అంటే పెదవి విరిచినవారు పొరబడ్డారా? పూర్తిగా కాదు. ఆ ద్వీపపు నిశ్శబ్దాన్ని వెలితిగా లెక్కగట్టడం తొందరపాటు కావచ్చు. చిక్కుదారుల మీద ఫిర్యాదు మాత్రం ఈనాటికీ నిలుస్తుంది. ఒక కృతి గొప్పదని ఒప్పుకుంటూనే అందులోని లోపాన్ని చూపవచ్చు.

విద్యార్థులారా, మీరు ఒక ఆట మీద సమీక్ష రాయదలచుకుంటే మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: సమాధానానికి కావలసిన సమాచారాన్ని ఆట నాకు ముందుగా ఇచ్చిందా?

రెండు: సమాధానం తెలిసాక "అరే, నాకు తట్టి ఉండాల్సింది" అనిపించిందా? అవధానంలో సమస్యాపూరణం విన్నవారికి ఈ అనుభవం తెలుసు. సమస్య పైకి అసంగతంగా ఉంటుంది. పూరణ వినగానే అర్థం కుదురుతుంది. సభ చప్పట్లు కొట్టేది ఆ కుదిరినందుకే.

మూడు: నాకు నచ్చకపోవడానికి కారణం ఆటలో ఉందా, నా అలవాటులో ఉందా?

ఈ మూడింటికీ నిజాయితీగా జవాబు రాస్తే, మీ తీర్పు ఏదైనా దానికి విలువ ఉంటుంది. ఈ ప్రశ్నలు ఆటలకే పరిమితం కావు. ఎక్కడైనా ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయినప్పుడు వెంటనే మిమ్మల్ని మీరు నిందించుకోకండి, వెంటనే ప్రశ్ననూ నిందించకండి. ముందుగా పాఠం అందిందా లేదా చూడండి. అందితే మళ్లీ ప్రయత్నించండి. అందకపోతే ఆ మాట కారణాలతో సహా ధైర్యంగా చెప్పండి.