నిద్ర తగ్గినా అలసట లేకపోతే
(సీతారాండేరాలో జరిగిన మన కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఆర్మీ మెడికల్ కోర్‌లో సైకియాట్రిక్ నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేసి పెన్షన్ మీద వచ్చినవాణ్ణి. వార్డులో రాత్రి డ్యూటీలు చేస్తూ చూసిందీ, డాక్టర్ల దగ్గర నేర్చుకున్నదీ చెబుతాను.

మానసిక జబ్బు అనగానే మనకు ఏడుపు, మౌనం, మూల కూర్చోవడం గుర్తొస్తాయి. మేనియా దానికి తలకిందులు. మనిషి మహా హుషారుగా ఉంటాడు. నాకు తెలిసిన ఒక రిటైర్డు హవల్దారు రాత్రి రెండింటికే లేచి బూట్లు పాలిష్ చేసేవాడు. ఇంట్లోవాళ్లు మిలిటరీ అలవాటే కదా అనుకున్నారు. వారం తిరిగేసరికి ఆ కాస్త నిద్రా పోయింది. మాట ఆగదు, ఒకటి పూర్తికాకుండానే ఇంకొకటి. గ్రాట్యుటీ డబ్బు తీసి మూడు ఆటోలకు అడ్వాన్సు కట్టేశాడు. పదో రోజున ఢిల్లీ నుంచి తనకు ఆర్డర్లు వినిపిస్తున్నాయనీ, మాంగో బ్రిడ్జిని తానే కాపాడాలనీ బయల్దేరాడు. లేని మాటలు వినబడటం, కాని సంగతిని గట్టిగా నమ్మడం, ఇవే సైకోటిక్ లక్షణాలు. అంతదూరం వచ్చిందంటే అది ఎమర్జెన్సీయే, గుండెనొప్పికి ఎలా పరుగెడతామో అలా పరుగెత్తాలి.

చిక్కేమిటంటే, తనకు జబ్బుందని ఆ మనిషికి తెలియదు. ఇంత బాగా ఎప్పుడూ లేనంటాడు. కాబట్టి కనిపెట్టాల్సింది ఇంట్లోవాళ్లే. మామూలుగా నిద్రపట్టనివాడు తెల్లారి నీరసపడతాడు. మేనియాలో రెండు గంటలు పడుకున్నా అలసట ఉండదు. నాలుగింటికి లేవడం గొప్పగా చెప్పుకునే మన ఇళ్లలో ఈ గుర్తు తేలిగ్గా జారిపోతుంది. యాభై దాటాక మొదటిసారి ఇలా వస్తే థైరాయిడ్, తలకు పాత దెబ్బ, పక్షవాతం, స్టెరాయిడ్ మందులు, ఇవన్నీ చూడమని డాక్టర్ని అడగండి.

ఆర్డర్లు రావడం లేదని వాదించకండి, మీరూ శత్రువుల మనిషి అయిపోతారు. వస్తున్నాయని వంత పాడటమూ వద్దు. "ఏవండీ, మీరు నిద్రపోయి నాలుగు రోజులైంది, నాకు భయంగా ఉంది, నిద్రకు మందు రాయించుకుందాం రండి" అనండి. ఒక్కరే మాట్లాడాలి, మెల్లగా. టీవీ కట్టేయాలి. ఏటీఎం కార్డు, బండి తాళం పక్కన పెట్టాలి. సెక్యూరిటీ ఉద్యోగాల కోసం లైసెన్సు తుపాకీ ఉంచుకున్న మాజీ సైనికులు మనలో ఉన్నారు. తుపాకీ, తూటాలు ఆ రోజే ఇల్లు దాటాలి, పోలీసుల సాయం తీసుకునైనా సరే. అమ్మవారు పూనిందనేవాళ్లూ ఉంటారు. బిష్టుపూర్ రామమందిరానికి వెళ్లండి, కాదనను, కానీ ముందు ఆసుపత్రికి.

ఇక్కడ కాంకే అంటే తిట్టు, హైదరాబాదులో ఎర్రగడ్డ అన్నట్టు. ఆ కాంకేలోని కేంద్రీయ మనోచికిత్సా సంస్థ 1918లో మొదలైంది. అప్పట్లో దాన్ని నడిపిన బర్క్‌లీ-హిల్ సైనిక హోదా ఉన్న డాక్టరు. మేనియాకు లిథియం పనిచేస్తుందని 1949లో ప్రకటించిన ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ కూడా సైన్యంలో పనిచేసినవాడే, సింగపూర్ చాంగీలో మూడేళ్లకు పైగా జపాన్‌వారి ఖైదీగా ఉన్నాడు. మన వృత్తివాళ్లే ఈ దారి వేశారని చెప్పుకోవడం నాకు ఇష్టం.

మొదట ఉద్రేకం తగ్గడానికి ఒలాంజపిన్, రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ వంటివి ఇస్తారు. మళ్లీ రాకుండా లిథియం లేదా వాల్‌ప్రోయేట్. గర్భం వచ్చే వయసు ఆడవాళ్లకు వాల్‌ప్రోయేట్ సాధారణంగా ఇవ్వరు. లిథియం మంచి మందే కానీ కొలత మీద ఉండాలి. చివరి మోతాదు వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం ఇచ్చి స్థాయి చూపించుకోవాలి, మూత్రపిండాలు, థైరాయిడ్ కూడా. జంషెడ్‌పూర్ ఎండలో చెమట పట్టి నీళ్లు తాగకపోయినా, విరేచనాలైనా, బీపీ అని ఉప్పు ఒక్కసారి మానేసినా రక్తంలో లిథియం పెరుగుతుంది. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ మాత్రలు సొంతంగా మింగకూడదు. చేతులు బాగా వణికినా, నడక తూలినా, మాట ముద్దయినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి. అవేమీ లేకుండా, బాగుంది కదా అని సొంతంగా మందు మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, నేను చూసిన రెండో అడ్మిషన్లలో ఎక్కువ ఇవే.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. షేప్‌లో మొదటి అక్షరం ఎస్, అంటే మనసు. లో మెడికల్ క్యాటగిరీ అవుతుందని దాస్తారు, ఆ భయం నాకు తెలుసు. కానీ ఆయుధంతో డ్యూటీలో బయటపడితే పోయేది క్యాటగిరీ ఒక్కటే కాదు.

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం గొలుసులతో కట్టడం నేరం. మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయకూడదు. బాగున్న రోజుల్లోనే తనకు ఏ చికిత్స కావాలో, తన తరఫున ఎవరు మాట్లాడాలో మనిషి రాసి ఉంచవచ్చు. మన హవల్దారు కోలుకున్నాక భార్య పేరు రాసిచ్చాడు, "నేను మూడు రాత్రులు నిద్రపోకపోతే ఆవిడ మాటే ఆర్డరు" అని కూడా చేర్చాడు.

టెలిమానస్ నంబరు 14416, పైసా ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. 2023 డిసెంబరులో పూణె ఏ.ఎఫ్.ఎమ్.సి.లో సైన్యం వారి కోసం ప్రత్యేకంగా ఒక విభాగం తెరిచారు. ఇక అడగాల్సినవి ఉంటే టీ దగ్గర అడగండి, నలుగురిలో అడగలేనివాళ్లు గేటు దగ్గర కలవండి. జై హింద్.