వేలికొనల సాక్ష్యం

మనకు చూపును, మాటను, వేళ్లకు పనితనాన్ని ప్రసాదించిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!



దివ్యఖుర్ఆన్‌లోని ‘అల్ ఖియామహ్’ సూరాలో అల్లాహ్ మనిషి వేలికొనలను ప్రస్తావించాడు. మట్టిలో కలిసిన ఎముకలను తిరిగి ఎవరు కూర్చగలరని వాదించేవారికి సమాధానంగా, ఎముకల మాట అటుంచి వేలికొనలను సైతం ఉన్నవి ఉన్నట్లు తీర్చిదిద్దగల శక్తి తనకున్నదని తెలియజేశాడు. ‘యాసీన్’ సూరాలో, తీర్పుదినాన నోళ్లు మూతపడిన తరువాత చేతులు మాట్లాడతాయని హెచ్చరించాడు. హజ్రత్ యుసైరా (రజి) ఉల్లేఖనం ప్రకారం, తస్బీహ్‌ను వేలికొనలపై లెక్కించండని ప్రవక్త (స) విశ్వాస స్త్రీలకు బోధించారు. ఆ వేళ్లను ప్రశ్నించడం జరుగుతుందని, వాటిచేత పలికించడం జరుగుతుందని దానికి కారణం చెప్పారు.

మదరసాలో ఉస్తాద్ మాకు ఈ హదీసు చదివించినప్పుడు జపమాల ఉత్తమమా, వేళ్లు ఉత్తమమా అని మాత్రమే చర్చించుకున్నాము. మనిషి బొటనవేలికి ఇన్ని పనులు వచ్చిపడతాయని ఆనాడు ఎవరూ ఊహించలేదు. ఉదయం రేషన్ దుకాణంలో ఈపాస్ యంత్రంపై అదే వేలు; మధ్యాహ్నం పింఛను సొమ్ముకు అదే వేలు; రాత్రి పడుకోబోయే ముందు ఫోను తెరపై అదే వేలు. ఐదేళ్లకొకసారి దాని పక్కనున్న చూపుడువేలు సిరా గుర్తు వేయించుకుని ఓటు యంత్రం మీట నొక్కుతుంది. ఈ వేళ్లన్నీ రేపు మాట్లాడవలసినవే. అందుచేత ఈ రోజు వాటి గురించే నాలుగు మాటలు చెప్పదలచాను. మొదట నా వేలి సంగతి.

2018 రమజాన్ మాసాన్ని గుర్తుచేసుకోండి. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, రాత్రివేళ తలుపులు తడుతున్నారని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాట్సాప్ సందేశాలు దావానలంలా వ్యాపించాయి. నాకు కూడా ఎవరిదో గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మాట్లాడినది ఎవరో నాకు తెలియదు. ఆ గొంతులో భయం ఉంది. ఆ భయాన్నే నేను సత్యానికి ఆధారంగా భావించాను. తరావీహ్ అనంతరం దానిని మన మస్జిద్ గ్రూపులో పెట్టాను. పిల్లలు క్షేమంగా ఉండాలన్నదే నా ఉద్దేశం.

మరునాడు అస్ర్ వేళకు, కర్టెన్ గుడ్డల మూట భుజాన వేసుకుని అమ్ముకుంటున్న ఒక ఉత్తరాది మనిషిని మన వీధిలో ఇరవై ముప్పై మంది చుట్టుముట్టారు. అతనికి తెలుగు రాదు. మూట విప్పి నేలపై కుమ్మరించారు. ఒకరు చొక్కా పట్టుకున్నారు. పట్టుకున్న చెయ్యి ఉపవాసి చెయ్యి, సోదరులారా! నేను పరుగున వెళ్లి ఇదేమిటని అడిగితే, ఒక యువకుడు ఎంతో గౌరవంగా బదులిచ్చాడు: “మీరే కదా హజ్రత్, రాత్రి పంపినారు!”

ఆ మనిషికి నీళ్లిచ్చి, గుడ్డలు మడిచి మూటకట్టి, బస్టాండు వరకు నేనే తోడు వెళ్లాను. క్షమించమని అడిగాను. దేనికి అడుగుతున్నానో అతనికి తెలియలేదనుకుంటాను. రెండు చేతులు జోడించి బస్సెక్కిపోయాడు. అతని పేరు కూడా నేను అడగలేదు. ఆ రమజాన్‌లోనే, మే నెలాఖరున, హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఇటువంటి వదంతినే నమ్మిన గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. ఆ వీధికీ మన వీధికీ ఉన్న తేడా ఎంత? ఎవరో ఒకరు కొన్ని నిమిషాలు ముందుగా చేరుకోవడమంత.

ఆ జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఏ సందేశాన్నీ ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపే వీలు లేకుండా కట్టడి చేసింది. మంచిదే. కాని విచారణ జరపని వార్తను ఒక్కరికైనా చేరవేయరాదన్న కట్టడి మనకు పద్నాలుగు శతాబ్దాలుగా ఉన్నది. విన్నదంతా చెప్పుకుపోవడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి సరిపోతుందన్న ప్రవక్త (స) ప్రబోధం తెలియనివారు మీలో ఎవరున్నారు? దానిని బోధించే నేనే ఆ రాత్రి దాన్ని మరిచాను.

ఈ విషయంలో మనం తరచుగా ‘అల్ హుజురాత్’ సూరా ఆరవ ఆయతును వింటూ ఉంటాము. నేడు ‘అన్నిసా’ సూరాలోని 83వ ఆయతును మీ ముందు ఉంచుతున్నాను. క్షేమానికి సంబంధించినదైనా, భయానికి సంబంధించినదైనా ఒక కబురు తమకు అందగానే దానిని చాటింపు వేసేవారిని అల్లాహ్ అందులో మందలించాడు. ఆ కబురును దైవప్రవక్త వద్దకు, తమలో బాధ్యత వహించేవారి వద్దకు తీసుకువెళ్లి ఉంటే, దానిని శోధించగలవారు అసలు సంగతి తేల్చి ఉండేవారని తెలిపాడు. ఈ ఆయతులో రెండు పాళ్లున్నాయి. చాటింపు వేయకండి అన్నది ఒక పాలు. బాధ్యులవద్దకు తీసుకువెళ్లండి అన్నది రెండవ పాలు. దెబ్బలు తిని తిని మొదటిదాన్ని మనం కొద్దో గొప్పో నేర్చుకున్నాము. రెండవదాన్ని అసలు చదవనట్లే ఉన్నాము.

తుంగభద్రకు ఆవల, జోగులాంబ గద్వాల జిల్లాలో ఆ 2018 లోనే అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఈ వదంతులను ఎదుర్కొన్న తీరు దేశమంతటా చర్చకు వచ్చింది. పోలీసులకు గ్రామాలను అప్పగించి, ఇంటింటికీ పరిచయం చేయించి, డప్పులతో, జానపద గీతాలతో ప్రచారం చేయించారు. కబురు వస్తే పదిమందికి పంపకుండా, తమకు ముఖపరిచయమున్న పోలీసుకు చెప్పడం అక్కడి ప్రజలకు అలవడింది. ఆమె ఈ ఆయతును చదివి ఆ పని చేయలేదు. మనం చదివి కూడా చేయలేదు.

2024 మేలో పోలింగు తరువాత మన తాడిపత్రిలో పడిన రాళ్ల గురించి, విధించిన 144 సెక్షన్ గురించి నేను ఇక్కడ వివరించను. పార్టీల పేర్లు ఈ మింబర్‌పై ఎత్తరాదన్నది నా నియమం. ఒక్కటి మాత్రం అడుగుతాను: ఆ రోజుల్లో పక్కవీధిలో ఏం జరిగిందో తెలుసుకోవడానికి మీలో ఎందరు పక్కవీధివారిని అడిగారు, ఎందరు ఫోనును అడిగారు?

ఇక రెండవ పాలు విషయానికి వస్తాను.

మన మొహల్లాలో ఒక ఖాలా ఉన్నారు. పేరు చెప్పను. భర్త పోయిన తరువాత ఇరవై ఏళ్లకు పైగా బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసి పిల్లలను పెంచారు. రాతిపొడి కలిసిన నీటిలో పగలంతా చేతులు నానుతాయి. తాడిపత్రి బండ ఎంత నునుపు తేలుతుందో, దానిని తేల్చిన వేలూ అంతే నునుపు తేలుతుంది. ఆమె బొటనవేలిపై ఈ రోజు గీతలు లేవు.

మన రాష్ట్రంలో చౌకధరల దుకాణాలకు ఈపాస్ యంత్రాలు 2015లో వచ్చాయి. పేదల బియ్యం దారిమళ్లకుండా చూడడానికి వచ్చిన ఏర్పాటు అది; దాని ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కాని ఆ యంత్రానికి తెలిసినవి గీతలే. ఖాలా వేలు పెట్టారు, యంత్రం కాదన్నది. తుడుచుకుని పెట్టారు, కాదన్నది. పది వేళ్లూ పెట్టారు. ఆమె ఉత్తి సంచితో మెట్లు దిగుతుండగా ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికి ఆ వీడియో, ముస్లింలకు బియ్యం ఇవ్వడం లేదట అన్న వ్యాఖ్యతో ఊరంతా తిరిగింది.

నేను ఆ దుకాణం దగ్గరికి వెళ్లి విచారించాను. అదే ఉదయం, అదే వరుసలో, అదే ఫ్యాక్టరీలో పనిచేసిన హిందూ సోదరీమణులు కూడా ఉత్తి సంచులతోనే తిరిగిపోయారు. వారిని ఎవరూ వీడియో తీయలేదు, అంతే. అరిగిన వేలికి మతం లేదు. అయినా ఒక తప్పుడు వ్యాఖ్య కలిసేసరికి, కలిసి అర్జీ పెట్టవలసిన ఆడవారు ఒకరినొకరు అనుమానంగా చూసుకునే స్థితి వచ్చింది. మనకు నిజంగా అన్యాయం జరిగే చోట్లు ఉన్నాయి, సోదరులారా, నేను కాదనను. లేని చోట ఉన్నదని కేకవేస్తే, ఉన్న చోట మన కేకను నమ్మేదెవరు?

ఆ వీడియో కింద ఎన్ని నిట్టూర్పులు, ఎన్ని ఏడుపు బొమ్మలు! ఆమె వెంట సచివాలయం మెట్లెక్కినవారు ఒక్కరూ లేరు. నేనూ తక్కువ తినలేదు. ఒక బియ్యం బస్తా పంపి నా బాధ్యత తీరిందనుకున్నాను. ఆ ఖాలా బస్తాను ముట్టుకోలేదు. “హజ్రత్‌కు సలాం చెప్పండి. ఇది ఖైరాత్. నేను అడిగేది నా హఖ్” అని కబురు పంపారు.

ఆ మాట విన్న తరువాత నాకు నిద్ర పట్టలేదు.

డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయిని వెంటబెట్టుకుని కదిలాము. వేలిముద్ర పడలేదన్న ఒక్క కారణంతో ఎవరికీ రేషన్ నిరాకరించరాదని కేంద్ర ప్రభుత్వం 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు ఆదేశమిచ్చిందని ఆ అబ్బాయే వెతికి పట్టుకున్నాడు. ఆ సంగతి నాకు తెలియదు. సచివాలయంలో అర్జీ ఇచ్చాము, రసీదు తీసుకున్నాము. కదలిక లేకపోతే రెండు సోమవారాలు అనంతపురం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లాము. చివరకు కనుపాప చూసి గుర్తించే పరికరంతో పని జరిగింది. ఆరు వారాలు పట్టింది. ఖాలాతో పాటు మరో నలుగురికి బియ్యం వచ్చాయి. ఆ నలుగురిలో ముగ్గురు మన హిందూ సోదరీమణులు.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ప్రజల పేర్లు దీవాన్ అనే దస్తరంలో రాసి భత్యాలు చెల్లించేవారు. పాలు మానిన పిల్లలకే భత్యం అన్నది మొదటి నిబంధన. ఒక రాత్రి మదీనా శివార్లలో దిగిన బిడారానికి కాపలాగా తిరుగుతుండగా ఆయనకు ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. తల్లిని మళ్లీ మళ్లీ అడిగితే, భత్యం కోసం వేళకు ముందే పాలు మాన్పిస్తున్నానని, ఎదుట ఉన్నది ఖలీఫా అని తెలియక, చెప్పింది. ఆ తెల్లవారి ఫజ్ర్ నమాజులో ఉమర్ (రజి) ఖిరాఅత్ ఏడుపులో మునిగి జనానికి అర్థం కాలేదని చరిత్రకారులు రాశారు. నమాజు ముగియగానే నిబంధన మార్చి, పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ప్రకటించారు. నిబంధన చేసినవాడు దుర్మార్గుడు కానక్కరలేదు, సోదరులారా. ఉమర్ అంతటివాని నిబంధనే పసిబిడ్డను ఏడిపించింది. ఆ ఏడుపు ఆయన చెవికి చేరడం వల్ల అది మారింది. ఈనాటి పాలకులు రాత్రిపూట మన వీధుల్లో తిరగరు. ఆ ఏడుపును వారి బల్లవరకు మోసుకుపోవలసినది మనమే.

మోసుకుపోవడం ఎలాగో మన జిల్లాకు కొత్త కాదు. నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఆ పథకంలో సామాజిక తనిఖీని పెద్దయెత్తున అమలుచేసి చూపినది మన రాష్ట్రమే. కూలీ పేరు, పనిదినాలు, చెల్లించిన సొమ్ము అందరి ముందు బిగ్గరగా చదువుతారు. అప్పుడు ఒక ముసలమ్మ లేచి, ఆ డబ్బు నాకు ముట్టలేదు అంటుంది. 2023 జనవరి నుండి హాజరును ఫోను యాప్‌లో ఫొటోలతో నమోదు చేస్తున్నారు. ఫొటో ఎన్ని తీసినా, ఆ ముసలమ్మ లేచి నిలబడితే తప్ప బయటపడని సంగతులు ఉంటాయి. న్యాయం కోసం నిలబడండి, అది మీకే వ్యతిరేకమైనా సరే అల్లాహ్ కొరకు సాక్ష్యమివ్వండి అన్న భావం గల ‘అన్నిసా’ 135వ ఆయతును చదివినప్పుడల్లా నాకు న్యాయస్థానం బోను కన్నా ముందు ఆ గ్రామసభే గుర్తుకు వస్తుంది.

ఇక పనిలోకి వస్తాను. మన రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలను ప్రారంభించింది. నేను వదంతిని పంపిన ఆ ఆకుపచ్చ తెరపైనే నేడు ధ్రువపత్రాలకు దరఖాస్తు చేయవచ్చు. ఉర్దూకు 2022లో రాష్ట్రమంతటా రెండవ అధికార భాష హోదా లభించింది; సంతోషం. అయినా సచివాలయం గోడపై జాబితా తెలుగులో ఉంటుంది. బయాన్ తెలుగులో ఎందుకని నన్ను కోప్పడే పెద్దలకు ఇదే నా విన్నపం: ఆ జాబితా చదవగలవారు మీ మనుమలూ మనుమరాళ్లే. వారిని వెంట తీసుకువెళ్లండి.

వచ్చే ఆదివారం జుహ్ర్ నుండి అస్ర్ వరకు మస్జిద్ వరండాలో ఆ డిగ్రీ అబ్బాయి, అతని నలుగురు మిత్రులు కూర్చుంటారు. వేలిముద్ర పడనివారు, కార్డులో పేరు తప్పుపడినవారు, ఓటరు జాబితాలో పేరు చూసుకోవలసినవారు కాగితాలతో రండి. ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ కుటుంబాలకు కూడా చెప్పండి. వరండాలోకి రావడానికి వారికి మొహమాటం కలుగుతుందేమోనని గేటు బయట వేపచెట్టు కింద రెండు బల్లలు వేయిస్తున్నాము. 65 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు రేషన్ ఇంటికే అందించాలన్న ఏర్పాటు 2025 జూన్ నుండి ఉన్నది. అందనివారి పేర్లు నాకు రాసివ్వండి. ఈసారి బస్తా పంపను, వెంట వస్తాను.

సున్నతులు చదువుకోనివారు చదువుకోండి. ఫోన్లు ఆపివేయండి.