వికలాంగుల హక్కులు: చట్టం ఎంతవరకు, మనం ఎంతవరకు?

(బడంగ్‌పేట్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవారము. అప్పుడు దరఖాస్తులు అందుకునేవైపు కూర్చున్నాము. ఇప్పుడు మన బస్తీలవారికి దరఖాస్తులు నింపిపెట్టేవైపు కూర్చుంటున్నాము. చట్టం ఎక్కడ ఆగిపోతుందో ఇటువైపు నుండే స్పష్టంగా కనిపిస్తుంది.

2016లో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించగా, ఇది 21 రకాలను గుర్తించింది. తలసేమియా, ఆటిజం ఉన్నవారు, యాసిడ్ దాడి బాధితులు ఇందులో చేరారు. ప్రభుత్వ ఉద్యోగాలలో కనీసం 4 శాతం, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల సీట్లలో కనీసం 5 శాతం కేటాయించాలని ఆదేశించింది. ఇది అల్పమైన విజయం కాదు.

అయితే ఈ రిజర్వేషన్లకు 40 శాతం వైకల్యం ఉండాలి. ఒక తల్లి తన కుమారుని ధ్రువపత్రం తెచ్చి చూపింది. అందులో 35 శాతం అని ఉంది. "భాయ్‌సాబ్, ఆ ఐదు శాతం కోసం వాడి కాలు ఇంకా చచ్చుబడాలా?" అని అడిగింది. ఆనాడు మేము సమాధానం చెప్పలేకపోయాము. తరువాత చదివి తెలుసుకున్నది ఇప్పుడు చెబుతున్నాము: 40 శాతం నిబంధన రిజర్వేషన్ వంటి వాటికే. వివక్షకు గురికాకుండా ఉండే హక్కు, తగిన సదుపాయం పొందే హక్కు అంతకు తక్కువ వైకల్యం ఉన్నవారికీ ఉన్నాయి. చేతివ్రాత సమస్య ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థికి సహాయక లేఖకుడిని పొందే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2021లో తీర్పు చెప్పింది.

మరికొన్ని పరిమితులు ఉన్నాయి. రాజ్యాంగంలోని 15, 16 అధికరణలు మతం, కులం, లింగం పేరిట వివక్షను నిషేధించాయి, వైకల్యాన్ని పేర్కొనలేదు. ప్రైవేటు సంస్థలకు రిజర్వేషన్ నిర్బంధం లేదు, ప్రోత్సాహకాలు మాత్రమే ఉన్నాయి. భవనాల విషయంలో సుప్రీంకోర్టు మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయం చేత అధ్యయనం చేయించింది. 2024 నవంబరు 8న రాజీవ్ రటూరి కేసులో తీర్పునిస్తూ, చట్టం తప్పనిసరి చేసినదాన్ని నియమావళిలోని 15వ నియమం కేవలం సిఫారసు స్థాయికి దించివేసిందని చెప్పి, ఆ నియమాన్ని చెల్లదని ప్రకటించింది. తప్పనిసరి ప్రమాణాలు రూపొందించడానికి కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది.

ఇక తీర్పులలో కనిపించని అడ్డంకి ఒకటుంది. ఆధార్‌లో మొహమ్మద్, బడి పత్రంలో మహ్మద్, రేషన్ కార్డులో ఎండీ. ఈ తేడా చూపి మేము కూడా ఆ రోజులలో ఎన్నో దరఖాస్తులు త్రిప్పి పంపాము. వెళ్ళినవారిలో ఎందరు మళ్ళీ రాలేదో నేడు తలచుకుంటే సిగ్గు కలుగుతోంది.

ప్రభుత్వాన్ని ప్రశ్నించే మనం ఒకటి గమనించాలి. ఈ చట్టం చెప్పిన 'ప్రజా భవనం' నిర్వచనంలో మతపరమైన కార్యక్రమాలకు వాడే భవనాలూ ఉన్నాయి. మన మస్జిదుల మెట్లు, వుజూఖానాలు, షాదీఖానాలు ఎలా ఉన్నాయి? హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. దైవప్రవక్త (స) కాలంలో మదీనాలో అజాన్ పలికిన గౌరవం వారిది. నేడు ఈ హాలులోకి ఇద్దరు సోదరులను కుర్చీలతో సహా ఎత్తి తీసుకురావలసి వచ్చింది. మోసినవారి ప్రేమను శంకించము. కానీ రావాలనుకున్న ప్రతిసారీ మరొకరి భుజం కోసం ఎదురుచూడడం హక్కు అనిపించుకోదు.

కనుక మా విన్నపాలు మూడు. పిల్లల పత్రాలన్నిటిలో పేరును ఒకే విధంగా వ్రాయించండి. ధ్రువపత్రంలో శాతం తక్కువగా వచ్చిందని ఆశ వదులుకోకండి. మా వద్దకు రండి, కలిసి వ్రాద్దాం. సంబంధాలు రావన్న భయంతో వైకల్యమున్న ఆడపిల్లలను ఇంట్లో దాచకండి. ఇక మస్జిదు కమిటీ పెద్దలకు ఒక్క మాట: వచ్చే రంజాన్ లోపు మెట్ల ప్రక్కన ర్యాంపు కట్టించండి. దానికి ఏ కోర్టు ఉత్తర్వూ అవసరం లేదు.